మనింటి అరగంట

హాస్టల్, మూడో అంతస్తు, మెట్ల పక్క గది

నాన్నగారికి,

మీరు పంపిన గడియారం అందింది. అద్దం పగల్లేదు, ముల్లు వంగలేదు. మేకు కొడితే గోడ పాడవుతుందని వార్డెన్ ఒప్పుకోలేదు, అందుకని నా బల్ల మీదే గోడకి ఆనించి పెట్టాను. పెట్టె విప్పగానే ఎంత నవ్వొచ్చిందో! ఇంట్లో ఉన్నదానిలాగే దీన్నీ అరగంట ముందుకు తిప్పి మరీ పంపారు కదా. చూడగానే ఇంటికొచ్చేసినట్టనిపించింది.

నా పక్కమంచం అమ్మాయికి మాత్రం ఈ గొడవ అర్థం కాలేదు. "అరగంట ముందుందని నీకు తెలుసుగా, ఇంక ముందు పెట్టి లాభమేంటి?" అంది. మా ఇంట్లో గడియారం చూడటమంటేనే అరగంట తీసేసి చూడటం, చిన్నప్పటి నుంచీ అంతే, ఆలోచించే పని కూడా ఉండదు అన్నాను. నన్నో వింత జంతువుని చూసినట్టు చూసింది. తనేం తక్కువా? పోయినేడు పరీక్షలో తప్పు రాసిన ప్రశ్నల్ని తలుచుకుని రోజూ కాసేపు ఏడవందే పుస్తకం తెరవదు. తను పోయినేట్లో ఉంటుంది, నేను వచ్చే ఏట్లో ఉంటాను. ఈ గదికి అద్దె దండగ!

చదువు బాగానే సాగుతోంది. ఫోన్లు వార్డెన్ బీరువాలోనే ఉన్నాయి, పరీక్ష అయ్యేదాకా ఇవ్వరట. కడుపులో మంట మళ్లీ మొదలైంది, జుట్టు కూడా బాగా ఊడుతోంది. మాత్రలు వేసుకుంటున్నాను. ఈ ముక్క అమ్మకి చూపించకండి. సీటు వచ్చాక అన్నీ అవే సర్దుకుంటాయి.

పోయినసారిలా జరగదు. ఈసారి డాక్టర్ సీటుతోనే గుమ్మం ఎక్కుతాను.

మీ తొందరమ్మ

*

బస్ డిపో, కంట్రోలర్ గది

తొందరమ్మకి ఆశీస్సులు.

ఇక్కడ అన్నీ టైముకే కదులుతున్నాయి, మీ అమ్మ తప్ప. నిన్న పెళ్లికి వెళ్దామంటే చీర దగ్గరే గంట. చివరికి మేం వెళ్లేసరికి పందిరి వాళ్లు ఇంకా గుంజలు పాతుతున్నారు. "ఇంత ముందొచ్చి ఏం చేద్దామని?" అని మీ అమ్మ దారి పొడవునా సాధించింది. ముందు కుర్చీలు దొరికాయా లేదా? అది మాత్రం చెప్పదు.

కడుపు మంటకి భయపడకు. చదువుకునే పిల్లలందరికీ ఉండేదే. తిండి, నిద్ర, స్నేహితులు, సినిమాలు ఎక్కడికీ పారిపోవు. సీటు వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు. ఇంకొన్నాళ్లు పళ్లబిగువున లాగెయ్. నెల ముందే పుట్టి ఆస్పత్రివాళ్లనే పరుగులు పెట్టించిన దానివి నువ్వు. ఊరికే తొందరమ్మ అని పిలుస్తున్నామా?

పరీక్ష రోజు గేటు తెరవకముందే అక్కడ నిలబడాలి. ఈ ఉద్యోగం నాకెలా వచ్చిందో తెలుసుగా? పోటీకి వచ్చినవాళ్లలో నాకంటే చదువుకున్నవాళ్లున్నారు. లైన్లో మొదట ఉన్నది మాత్రం నేను. ఆ రోజు ముందు నిలబడ్డాను కాబట్టే ఈ రోజు నా ఈల మోగందే ఒక్క బండి డిపో దాటదు. ఆలస్యంగా వెళ్లినవాడికి కుర్చీ ఎవడూ దాచిపెట్టడు. ఈ మాట మర్చిపోకు.

మీ నాన్న

*

పసిపిల్లల బడి, వెనక గది

నాన్నగారికి,

తిప్పి తిప్పి చెప్పను. పరీక్ష రాయలేదు.

పక్కమంచం అమ్మాయి పరీక్ష ముందురోజు నా గడియారం సరిచేసేసింది. నాతో చెప్పలేదు. తప్పు టైము చూపించే గడియారం ఎదురుగా ఉంటే తనకి చదువు ఎక్కడం లేదట. మేలే చేశాననుకుంది, పాపం. తెల్లారాక తన కేంద్రం దూరమని ముందే వెళ్లిపోయింది. నేను లేచి గడియారం చూశాను. అలవాటుగా అరగంట తీసేశాను. ఇంకా బోలెడు టైముందనుకుని తాపీగా తల దువ్వుకున్నాను, తాపీగా జడ వేసుకున్నాను. నడుచుకుంటూ కేంద్రం ఉన్న వీధిలోకి వచ్చేసరికి అక్కడ ఒక్క విద్యార్థి కూడా లేడు. గేటు మూసేశారు. నేను బయట ఉండిపోయాను.

కంగారు పడకండి, నాకేం కాలేదు. ఎదురుగా పసిపిల్లల బడి ఉంది. దాని అరుగు మీద కూర్చుంటే పెద్ద టీచరు బయటికొచ్చి చూసి, లోపలికి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చింది. సహాయకురాలి పనికి వచ్చాననుకుందట. కాదని చెప్పేలోపే ఒక పిల్ల నా ఒళ్లో ఎక్కి కూర్చుంది. ఇంక నేనూ కాదనలేదు. హాస్టల్ ఎలాగూ ఖాళీ చెయ్యాలి. వెనక గదిలో ఉండమన్నారు, కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను.

అమ్మకి మెల్లగా చెప్పండి.

మీ అమ్మాయి

*

బస్ డిపో, కంట్రోలర్ గది

అమ్మాయికి,

నీ ఉత్తరం నిలబడి చదివాను. మళ్లీ కూర్చుని చదివాను. ఎలా చదివినా నా తల కొట్టేసినట్టే ఉంది.

గడియారమట! పక్కమంచమట! నేను నమ్మాలట! ఏడో ఏటి నుంచీ నీకు టైము చూడటం నేర్పింది నేను. చదవలేక భయపడి మానేశానను, ఒప్పుకుంటాను. జ్వరమొచ్చిందను, ఒప్పుకుంటాను. నేను కొనిపెట్టిన గడియారం మీదికి నెపం నెడతావా? డిపోలో రోజూ వింటానమ్మా ఇలాంటి కథలు. టైరు పంక్చరన్న ప్రతివాడి టైరూ నేను వంగి చూసినవాణ్ణే.

ఇక్కడ అందరూ అడుగుతున్నారు, అమ్మాయి పరీక్ష ఎలా రాసిందని. బాగా రాసిందన్నాను. నా సర్వీసులో తప్పుడు రిపోర్టు చెప్పడం ఇదే మొదలు.

శిక్షణ కేంద్రం వాళ్లతో మాట్లాడాను. కాళ్లావేళ్లా పడితే ఇంకో ఏడాదికి నీకు చోటు ఇస్తామన్నారు. తరగతులు వానలు మొదలవగానే. ఆ పసిపిల్లల ముక్కులు తుడిచే పని వెంటనే మానేసి బట్టలు సర్దుకో. నీ వయసువాళ్లకి ఇవాళ గడిస్తే చాలన్నట్టుంది. ఇవాళ ఎలాగైనా గడుస్తుంది. రేపటి సంగతేంటి? నలభై ఏళ్లు వచ్చాక అరుగు మీద కూర్చుంటే మంచినీళ్లు కూడా ఎవరూ ఇవ్వరు.

ఫోన్ చెయ్యకు. అమ్మ చేతిలోంచి లాక్కుని నోటికొచ్చినట్టు తిడతాను, తర్వాత నాకే నిద్ర పట్టదు. ఏం చెప్పాలన్నా కాగితం మీద చెప్పు.

నాన్న

*

పసిపిల్లల బడి, ఉయ్యాలల గది

నాన్నగారికి,

కాగితం మీదే చెబుతున్నాను. నేను ఆ కేంద్రానికి వెళ్లను. వానలు మొదలైనా వెళ్లను, ఆగినా వెళ్లను.

మీరు తిట్టింది తిట్టారు, ఇప్పుడు నేను చెప్పేది పూర్తిగా వినండి. మధ్యలో చింపకండి.

మనింట్లో గడియారం ముందుకు తిప్పేది మీరు. చూసి అరగంట తీసేసుకునేదీ మీరే. అమ్మా తీసేస్తుంది, నేనూ తీసేస్తాను. మరి ఆ అరగంట ఎవరి కోసం నాన్నా? ఒక్క కంగారు కోసం. అది మాత్రం రోజూ టైముకి వచ్చి మనతో కూర్చుని భోంచేసి వెళ్తుంది.

నా చిన్నప్పటి బడి గుర్తుందా? వాచ్‌మన్ తాళం తీయకముందే నన్ను దింపి వెళ్లేవారు. మూసిన గేటు ముందు నిలబడటం నాకు అక్కడే అలవాటైంది. నా పుట్టినరోజు కేకు ముందురోజే కోయించేవారు, రేపు డ్యూటీ ఉంది, ఇవాళే కానిచ్చేద్దామని. మర్నాడు బడిలో అందరూ శుభాకాంక్షలు చెబుతుంటే నాకు అయిపోయిన పెళ్లికి పిలుస్తున్నట్టుండేది. స్కూల్లో ఉండగా కాలేజీ గురించి కంగారు, కాలేజీలో సీటు గురించి కంగారు. సీటు వచ్చాక ఏమంటారో కూడా నాకు తెలుసు. ఇంకా పై చదువు, ఆ తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత ఇంకేదో. సుఖం ఎప్పుడూ తర్వాతి స్టాపులోనే ఉంటుందంటారు. నేనెక్కిన బండి ఆ స్టాపులో ఒక్కసారీ ఆగలేదు.

హాస్టల్లో రెండేళ్లు ఏం తిన్నానో ఒక్క పూట కూడా గుర్తు లేదు. నమ్ముతారా? ఎండ తగిలిందా, చలేసిందా, ఏదీ గుర్తు లేదు. పక్కమంచం అమ్మాయికి పోయినేటి బాధ, నాకు వచ్చే ఏటి భయం. ఇద్దరం మింగిన మాత్రలు మాత్రం ఒకటే.

ఇక్కడికొచ్చాక మాత్రలు మానేశాను. మంట లేదు. కడుపు నిండా తింటున్నాను, ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాను. ఇది మాత్రం అమ్మకి చదివి వినిపించండి.

ఇక్కడ బొద్దుగా ఒకడున్నాడు. బూటు తాడు వాడే కట్టుకుంటానంటాడు. నాలుక బయటపెట్టి కడతాడు, ఊడిపోతుంది, మళ్లీ మొదలుపెడతాడు. మొదటి రోజు నేను వాడి చేతులు పక్కకి తోసి చకచకా కట్టేశాను, మీరు నాకు కట్టినట్టే. వాడు నన్ను చూసి, తాడు విప్పేసి, మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాడు! ఏడవలేదు, అరవలేదు. ఇప్పుడు నేను వాడి పక్కనే నేల మీద కూర్చుంటాను. వాడికి అయినప్పుడు అవుతుంది. ఈ లోపు ప్రపంచమేం మునిగిపోలేదు, నేను చూశాను.

ఇంకోటి, ఇవాళ గడిస్తే చాలనుకునే రకం కాదు నేను. పసిపిల్లల టీచరు శిక్షణకి దరఖాస్తు పెట్టాను. రేపు నాకూ కావాలి. ఇవాళంతా దాని కాళ్ల దగ్గర పడెయ్యమంటేనే కుదరదు. ముక్కులు తుడిచే పనే, అవును. మీ ముక్కూ నా ముక్కూ ఎవరో తుడిచారు కాబట్టే ఇవాళ ఇలా ఉత్తరాల్లో ఎగరేసుకుంటున్నాం.

ఇంటికి వచ్చి మిమ్మల్ని చూడాలని చాలా ఉంది. ఆ కేంద్రం మాట ఎత్తనంటే రేపే వస్తాను.

మీ అమ్మాయి

*

ఇల్లు, వంటింటి బల్ల

తొందరమ్మకి,

నీ పొగరుబోతు ఉత్తరానికి జవాబు ఇవ్వకూడదనుకున్నాను. ఇన్నాళ్లూ ఇవ్వలేదు కూడా. ఇప్పుడు రాయక తప్పడం లేదు. నవ్వకుండా చదువు.

మొన్న పొద్దున్న లేచాను. గోడ గడియారం చూశాను. ఇంకా చాలా టైముందని నింపాదిగా గడ్డం గీసుకున్నాను. రెండో టీ కూడా అడిగి తాగాను. మీ అమ్మ మాట్లాడకుండా ఇచ్చింది. రెండో టీ అడిగితే ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనలేదంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

డిపోకి వెళ్లేసరికి మొదటి బండి లేదు. వెళ్లిపోయింది. నేను ఈల వేయకుండా, నేను షీటు మీద సంతకం పెట్టకుండా వెళ్లిపోయింది! డ్రైవరే టైము చూసుకుని కదిలించాడట. ఆ వెనక బండీ అంతే. నేను గేట్లో నిలబడితే అందరూ చుట్టూ చేరి "ఒంట్లో బాగాలేదా సార్?" "ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా సార్?" అని ఒకటే పరామర్శ. ఒకడైతే నుదురు పట్టుకుని చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి అడిగితే మీ అమ్మ, "అవును, నేనే స్టూలెక్కి సరిచేశాను. పిల్ల ఉత్తరం చదివాక ఆ గడియారాన్ని అలా చూడలేకపోయాను" అంది. తప్పు చేసినట్టు కూడా చెప్పలేదు, ఉప్పు వేశానన్నట్టు చెప్పింది. మళ్లీ ముందుకు తిప్పబోతే స్టూలు లాగేసి దాని మీద కూర్చుని బియ్యం ఏరుకుంది. నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. అదీ నా పరిస్థితి.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. నువ్వు చెప్పింది నిజమే. ఇన్నేళ్ల సర్వీసున్న నేనే పొరపాటు పడ్డాక పిల్లవి నువ్వు పడటంలో వింత లేదు. నిన్ను అబద్ధాలకోరు అన్నందుకు నా మనసు బాగాలేదు. తప్పు గడియారానిది, ఆ పక్కమంచం పిల్లది, కొంచెం నాదీ. నీది కాదు.

తప్పు నీది కానప్పుడు శిక్ష నీకెందుకు? అందుకే మళ్లీ రాయాలి. నిన్ను ఒక గేటు ఆపితే జీవితాంతం దాని బయటే ఉండిపోతావా? కేంద్రం వాళ్లు ఇంకా నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. ఈసారి పరీక్షకి నేనే తీసుకెళ్తాను. సరైన గడియారం పట్టుకునే వస్తాను. ఆ బడి వాళ్లకి మర్యాదగా చెప్పి వచ్చెయ్. గేటు మూశారన్న బాధ నాకు ఉంది తల్లీ, నీకు లేదా?

మీ నాన్న

కింద ఈ నాలుగు ముక్కలూ నేను, అమ్మని, రాస్తున్నాను. జుట్టు ఊడటం తగ్గిందా? నీకు ఏది మంచిదో నాకు తెలియదు, నిద్ర పడుతోందన్నావు, అది చదివి రెండుసార్లు ఏడ్చాను. స్టూలు నా దగ్గరే ఉంది.

*

పసిపిల్లల బడి, వెనక గది

నాన్నగారికి,

మీరు గేట్లో నిలబడితే మీ నుదురు పట్టుకుని చూశారంటే నవ్వాను. నవ్వొద్దన్నా నవ్వాను. కాసేపటికి ఏడుపొచ్చింది. మీరు నా మాట నమ్మినందుకు వచ్చింది. ఎందుకంటే నేను మీకు చెప్పింది సగమే.

గడియారం సంగతి నిజం. అరగంట తీసేసుకోవడం నిజం. ఆలస్యంగా వెళ్లడమూ నిజమే. కానీ నేను ఆ వీధిలోకి వచ్చేసరికి గేటు మూయలేదు నాన్నా. ఒక రెక్క తెరిచే ఉంది. వాచ్‌మన్ నన్ను చూశాడు. నా చేతిలో హాల్ టికెట్ చూశాడు. "రామ్మా, పరిగెత్తు, నీకోసమే ఆపాను!" అని అరిచాడు. చెయ్యి ఊపాడు. నేను పదడుగులు పరిగెడితే సరిపోయేది.

నా కాళ్లు ఆగిపోయాయి. భయంతో కాదు. ప్రశ్నలు రావని కాదు, ఈసారి సీటు వచ్చేదే, నాకు తెలుసు. అదే అనిపించింది. సీటు వస్తుంది, ఇంకో గేటు వస్తుంది, దాని ముందు కూడా తెల్లారకముందే నిలబడతాను, ఇలాగే ముసలిదాన్నైపోతాను. ఆ క్షణాన ఎండ నా చేతి మీద పడుతోంది. వెచ్చగా ఉంది. ఎండ వెచ్చగా ఉంటుందని నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. ఎదురుగా బడిలోంచి పిల్లలు ఏదో పాట తప్పుగా పాడుతున్నారు. వాచ్‌మన్ మళ్లీ పిలిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. పాపం, ఆయన నా వంక చూస్తూనే గేటు మూశాడు.

గేటు మూసేశారు, నేను బయట ఉండిపోయానని రాశాను. ముందు జరిగింది రాయలేదు. ధైర్యం చాలక గడియారం వెనక దాక్కున్నాను. ఇప్పుడు మీరు నన్ను క్షమించేశారు, తప్పు నాది కాదన్నారు. ఆ మాట అందరికీ చెబుతారు, డిపోలోనూ చెబుతారు. ఎంత హాయిగా ఉంటుందో! తల ఊపి ఊరుకుంటే ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తినొచ్చు. కానీ నేను ఒప్పుకోను. నా బతుకులో నాకై నేను చేసిన మొదటి పని అది. దాన్ని తీసుకెళ్లి గడియారానికి ఇచ్చెయ్యమంటే ఎలా ఇస్తాను? పక్కమంచం అమ్మాయికీ ఇవ్వను. మీకూ ఇవ్వను.

తప్పంటారా? అనండి. నాదే. నన్ను ఏ గేటూ ఆపలేదు. అది తెరిచి ఉండగానే నేను ఆగాను.

ఆ చోటు ఇంకెవరికైనా ఇప్పించండి. నాకు టీచరు శిక్షణలో చోటు దొరికింది, సోమవారం మొదలవుతుంది. మీరు నాతో మాట్లాడకపోతే నాకు చాలా బాధగా ఉంటుంది, ఉండదని అబద్ధం చెప్పను. అయినా వెళ్తాను.

మీ అమ్మాయి

*

బస్ డిపో, బయట బెంచీ

అమ్మాయికి,

ఏమని పిలవాలో తెలియక అలా రాశాను. తొందరమ్మ అంటే ఇప్పుడు నోరు రావడం లేదు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. మొదటి రోజు చింపేద్దామనుకున్నాను. రెండో రోజు మీ అమ్మకి చూపించకూడదనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ నాకంటే ముందే చదివేసింది. మనింట్లో మొదటిసారి ఆవిడ ముందు, నేను ఆలస్యం.

సగం చెప్పి సగం దాచినందుకు నాకు ఇంకా కోపమే. ఆ కోపం నీ ముందే తీర్చుకుంటాను, కాగితం మీద చాలడం లేదు. పదడుగులు! ఆ పదడుగులు నాకు కలలోకి వస్తున్నాయి. కలలో నేనే పరిగెడుతున్నాను. నువ్వు చేసింది సరైనదని నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా. లైన్లో ముందు నిలబడితే బాగుపడతారనే నా నమ్మకం. అందులో మార్పేం లేదు.

కేంద్రం వాళ్లకి మాత్రం చెప్పేశాను, అమ్మాయి రాదని. ఎందుకని అడిగారు. తనకి ఇష్టం లేదన్నాను. గడియారం సంగతి చెప్పలేదు. డిపోలో కూడా చెప్పాను, పరీక్ష రాయలేదు, తనే వద్దనుకుందని. విని ఎవరి బండి దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. ఒక డ్రైవరు మాత్రం "గట్టి పిల్ల సార్" అన్నాడు. వాడికి ఈ నెలంతా మొదటి ట్రిప్పు వేశాను, పొద్దున్నే లేస్తే తిక్క కుదురుతుందని.

ఇప్పుడు ఈల నేను వేస్తున్నా, వాళ్లు నా ఈల కోసం ఆగడం లేదేమోనని అనుమానం పట్టుకుంది. మొన్న పరీక్షించడానికి కావాలనే బయట బెంచీ మీద కూర్చున్నాను. బండి కదిలింది. ఎండ బాగానే ఉంది. ఇప్పుడు కూడా అక్కడే కూర్చుని రాస్తున్నాను.

ఇంట్లో గడియారం అలాగే ఉంది, సరైన టైము చూపిస్తోంది. నేనే ఇంకా చూసినప్పుడల్లా అరగంట తీసేసి, నాలుక్కరుచుకుని మళ్లీ కలుపుకుంటున్నాను. ఈ వయసులో నాకు కూడికలూ తీసివేతలూ పెట్టావు.

సెలవు పెట్టాను. నీ దగ్గరికి వస్తున్నాను. పోట్లాడటానికే వస్తున్నాను, గుర్తుపెట్టుకో. ఆ బూటు తాడువాణ్ణి కూడా చూడాలి. ఏ బండికి వస్తానో, ఎన్నింటికి దిగుతానో రాయడం లేదు. నువ్వు స్టాండు దగ్గరికి రావద్దు, గేటు దగ్గర నిలబడొద్దు. నీ పని నువ్వు చేసుకో.

వచ్చినప్పుడు వస్తాను.

నాన్న